హార్బరుకు పంపిన గారెలు

విశాఖపట్నంలో జరిగినదాని గురించి నేను ఇదివరకే రాశాను. సదస్సు నడిపినవాళ్ళకు రాశాను, జవాబు లేదు. ఒక పత్రిక ఫిర్యాదుల శీర్షికకు రాశాను, అచ్చు వేయలేదు. ఎందుకు వేయలేదని ఫోన్ చేసి అడిగితే అవతలి ఉద్యోగి, "మీవి ఎప్పుడూ ఫిర్యాదులేనండీ. ఏదైనా యాత్ర రాయండి, పాఠకులు ఇష్టంగా చదువుతారు" అన్నాడు. నాతో అన్న మాటలు నేను మర్చిపోను. అందుకని ఇది యాత్రే. రైలు ఉంది, సముద్రం ఉంది, చేపలున్నాయి. చదవండి.

నేను తణుకులో ఒక కల్యాణ మండపానికి మేనేజరుగా చేసి రిటైరయ్యాను. పెళ్ళిళ్ళలో, సభల్లో పారబోసే తిండి గురించి, ప్లాస్టిక్కు గురించి చాలాకాలంగా అధికారులకూ సంఘాలకూ రాస్తున్నాను. నేను గుమ్మంలో కనిపిస్తే మునిసిపల్ ఆఫీసులో కుర్చీలు ఖాళీ అవుతాయని మా ఆవిడ అంటుంది. అలాంటిది, వ్యర్థాలు లేని సభల గురించి విశాఖలో సదస్సు పెడుతున్నాం, ప్రతినిధిగా రమ్మని ఒక సంస్థ నుంచి ఆహ్వానం వచ్చింది. పోనీలే, ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు నా ఉత్తరం చివరిదాకా చదివారనుకున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. వాళ్ళకు తెలుసు.

దువ్వాడ

రైల్లో కిటికీ పక్క సీటు నాది. అందులో ఇంకొకాయన కూర్చున్నాడు. టికెట్టు చూపిస్తే, "తర్వాతి స్టేషన్లో లేస్తానండి" అన్నాడు. అలా అనకాపల్లి దాకా వచ్చాడు. గోదావరి వంతెనను నేను ఆయన భుజం మీదుగా చూశాను.

దువ్వాడ స్టేషనుకు మా చెల్లెలి భర్త రాంబాబు స్కూటరు మీద వచ్చాడు. మాది ఒకే ఊరు. కుర్రతనంలో ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరికి ఇటు వచ్చి, రిటైరయ్యాక కూర్మన్నపాలెంలోనే ఉండిపోయాడు. మేమిద్దరం ఒకరినొకరు బావా అని పిలుచుకుంటాం. దారిలో లారీల మధ్య నుంచి స్కూటరు నడుపుతూ, నా తెల్ల పంచె వైపు చూసి నవ్వాడు.

"ఇక్కడ తెల్లబట్ట కట్టడమంటే మునిసిపాలిటీకి అర్జీ పెట్టడం లాంటిది బావా. తృప్తే గానీ ఫలితముండదు."

నిజమే. సాయంత్రం బాల్కనీలో ఆరేసిన పంచె మీద తెల్లారేసరికి మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నుసి పడి ఉంది. చెల్లెలు దాన్ని ఏమాత్రం ఆశ్చర్యపోకుండా దులిపి మడత పెట్టింది. ఇక్కడి ఆడవాళ్ళు బట్టలు తీసేటప్పుడు ముందు దులుపుతారు, తర్వాత మడుస్తారు. మా తణుకులో ఆ మొదటి పని లేదు.

రాత్రి భోజనంలో చేపల పులుసు. వంజరాన్ని ఇక్కడ కోనాం అంటారు. గాజువాక మార్కెట్లో కొంటే మండిపోతోందని, ఫిషింగ్ హార్బరుకు పొద్దున్నే వెళ్తే చాలా చవకని, సదస్సు అయిన మర్నాడు నన్ను తీసుకువెళ్ళమని చెల్లెలు వాళ్ళాయనకు పురమాయించింది. ఆ పురమాయింపు లేకపోతే నాకు పైడమ్మ కనిపించేది కాదు. ఈ యాత్ర కూడా ఉండేది కాదు.

బీచ్ రోడ్డు

సదస్సు బీచ్ రోడ్డు మీద ఒక పెద్ద హోటల్లో. గుమ్మం దగ్గర పచ్చ టీషర్టు వేసుకున్న ఒక కాలేజీ అమ్మాయి నాకు గోనె సంచీ ఇచ్చింది. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. లోపల స్టీలు సీసా, ఆ సీసాకు ప్లాస్టిక్కు తొడుగు. మెడలో వేసుకోమని ఇచ్చిన బ్యాడ్జీ మీద నా పేరు సుబ్బారాయుడికి బదులు సుబ్బారావు అని ఉంది. మార్చమన్నాను.

"ఇది విత్తనాల కాగితం అంకుల్," అంది అమ్మాయి. "ఇంటికెళ్ళాక మట్టిలో పెట్టి నీళ్ళు పోస్తే తులసి మొలుస్తుంది."

నా పేరు తప్పుగా రాసి, దాన్ని పాతిపెట్టుకోమంటున్నారు. దారిలో పట్టిన చెమటకు తడిసి మధ్యాహ్నానికి ఆ సుబ్బారావు కూడా చెరిగిపోయాడు. నాకు వెనక వరసలో, ఏసీ నీళ్ళు కారేచోట సీటిచ్చారు. మాట్లాడతానని పేరిస్తే, సాయంత్రం అభిప్రాయాలకు సమయముంటుంది, అప్పుడు చూద్దామన్నారు.

అసలు సంగతి భోజనాల దగ్గర. వడ్డించుకునే బల్లలకు అవతల, చేతులు కడుక్కునే చోట, ఒక తూకం యంత్రం పెట్టారు. తిన్నాక కంచంలో మిగిలింది ఆ యంత్రం మీదున్న డబ్బాలో వెయ్యాలి. ఎంత పారేశామో పైనున్న బోర్డు మీద ఎర్ర అంకెల్లో పడుతుంది. పక్కన మైకు పట్టుకుని ఒకతను, "మేడమ్ గారు స్వీటు వదిలేశారు, పర్లేదు మేడమ్, రేపటి నుంచి అలవాటు చేసుకుందాం" అని అందరికీ వినిపించేలా అంటున్నాడు. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

ఆ ఆలోచన చెడ్డదని నేననను. మా మండపంలో పెళ్ళివారు పారేసే పనసపొట్టు కూర చూసి కడుపు రగిలినవాణ్ణి. కానీ తూకం పక్కనే ఇంకో పెద్ద స్టీలు గిన్నె పెట్టారు. దాని మీద "ముట్టనివి ఇందులో వేయండి" అని అట్ట. అంటే కంచంలో వడ్డించుకుని, ఇంకా నోట్లో పెట్టుకోనివి అందులో వేయొచ్చు. అవి తూకంలోకి రావు, మైకులోకి రావు.

ఇంకేం. జనమంతా ఆ గిన్నెకే వరస కట్టారు. సాంబారు అన్నంలో సగం తడిసిన గారెలు, పెరుగు అంటుకున్న బూరెలు, ఒక పక్క కొరికిన అప్పడాలు. సిల్కు లాల్చీ వేసుకున్న ఒక పెద్దమనిషి కొరికిన గారెను, కొరికిన వైపు కిందికి తిప్పి ఆ గిన్నెలో జారవిడిచాడు. నేను చూస్తున్నానని చూశాడు. చూసి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మా వైపు పంక్తిలో విస్తరి తీసిన చేత్తో వడ్డించే గిన్నె ముట్టుకోరు. చెయ్యి కడుక్కుని రావాల్సిందే. గిన్నెలో మిగిలింది పదిమందికి పెడతాం, విస్తట్లో మిగిలింది గోతిలోకి పోతుంది. ఈ రెంటికీ మధ్య ఇంకో గిన్నె నేనెక్కడా చూడలేదు.

పచ్చ టీషర్టు అమ్మాయి ఆ గిన్నె దగ్గరే నిలబడి ఉంది. ఇదెక్కడికి పోతుందని అడిగాను. పేదవాళ్ళకు పంచుతాం అంకుల్ అంది. ఇది ఎంగిలి కదమ్మా అన్నాను. ముట్టుకోలేదు కదా అంకుల్ అంది. సదస్సు నడిపే కన్వీనరు దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, సాయంత్రం అభిప్రాయాల సమయంలో చెబుదురు గాని" అన్నాడు. భుజం మీద చెయ్యి వేసి నన్ను అవతలికి జరిపినవాళ్ళ ముఖాలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు. ఈయనదీ రాదు.

సాయంత్రం అభిప్రాయాలు లేవు. వాటి బదులు వీడియో వేశారు. గిన్నె నిండా గారెలు, దాన్ని నలుగురు వ్యానులోకి ఎత్తడం, వ్యాను హార్బరు వైపు వెళ్ళడం, పిల్లలు చేతులు చాచడం. చివర్లో తూకం బోర్డు మీద, పారేసింది సున్నా అని పడింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు. నా పక్కాయన నాకు మోకాళ్ళ నొప్పులనుకుని జాలిగా చూశాడు.

ఫిషింగ్ హార్బర్

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే రాంబాబు స్కూటరు తీశాడు. చేపలకు సంచీ కావాలంటే సదస్సు వాళ్ళిచ్చిన గోనె సంచీయే భుజాన వేసుకున్నాను. దానికి అంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచలేదు.

హార్బరులో మరబోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. నేలంతా నీళ్ళు, పొలుసులు, ఐసు ముక్కలు. వేలం పాడేవాడి నోట్లో అంకెలు మనకు అర్థమయ్యేలోపే సరుకు చేతులు మారిపోతుంది. బేరం ఆడదామని ఒక కోనాం మీద వేలు పెట్టాను. అమ్మే ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "దాన్ని సూడ్డానికొచ్చినావా, కొనడానికా బాబూ" అంది. రాంబాబు నవ్వాడు. నా చెప్పు జారి ఒక కాలు మురికి నీళ్ళలో పడింది. ఇంకా గట్టిగా నవ్వాడు.

కాలు కడుక్కుందామని పంపు దగ్గరికి వెళ్తే, అక్కడ రొయ్యలు వేరు చేస్తున్న ఆడవాళ్ళలో ఒకామె లేచి వచ్చి నా సంచీ పట్టుకుంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నుదుట బొట్టు లేదు.

"ఈ ఆకు బొమ్మోళ్ళే నిన్న తిండి అట్టుకొచ్చినారు," అంది. "నువ్వు ఆళ్ళ మనిషివేనా బాబూ?"

కాదన్నాను. అక్కడ భోంచేసినవాణ్ణి మాత్రమేనన్నాను. అయితే నువ్వే కావాలి అంది.

ఆమె పేరు పైడమ్మ. సోంపేట వైపు పల్లె నుంచి, సేద్యం గిట్టక, భార్యాభర్తలు ఇద్దరూ ఇక్కడికి పనికొచ్చారు. భర్త అప్పన్న ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. అంతకు నెల ముందు ఐసు దిమ్మ జారి మీద పడి చనిపోయాడు. సదస్సు జరిగిన రోజునే అతని నెల మాసికం. ఆ పూట కూడా పైడమ్మకు పని మానే వీలు లేకపోయింది. మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం, పప్పు, కూర వండింది. అతనికి గారెలంటే ఇష్టం. మినప్పప్పు నానబెట్టి రుబ్బే వ్యవధి లేదు. గారె లేకుండా పోయినవాడికి ఆకు వేయడమెలాగా అని గుమ్మంలో కూర్చుని ఉండగా, వీధిలోకి వ్యాను వచ్చింది. వ్యాను నిండా గారెలు.

"ఆడే పంపించుకున్నాడనుకున్నాను బాబూ," అంది.

అయినా ఊరికే తీసుకోలేదు. పంచుతున్న అమ్మాయిని అడిగిందట, ఇది ఎంగిలి కాదు గదా అమ్మా, నేను పోయినోడికి పెట్టుకోవాలి అని. కాదండీ, అన్నీ ముట్టనివే అందట ఆ అమ్మాయి. పైడమ్మ రెండు గారెలు ఆకులో పెట్టి, పెంకు మీద సాంబ్రాణి వేసి, దణ్ణం పెట్టుకుంది. కాకి వెంటనే వచ్చి ముట్టింది. పోయినవాడు సంతోషపడ్డాడని ఆ నెలలో మొదటిసారి ఆమెకు గుండె కుదుటపడింది.

తర్వాత మిగిలినవి తిందామని ఇంటివాళ్ళంతా కూర్చున్నారు. అప్పన్న అక్క నూకాలు చేతిలోకి వచ్చిన గారెను తిప్పి చూస్తే, కొరికి ఉంది. పళ్ళ గాట్లు కనిపిస్తున్నాయి.

పైడమ్మ ఇది చెబుతుండగానే నూకాలు అటువైపు వచ్చింది. చేపల తట్ట నడుమున ఉంది. మనిషి గట్టిది. ఆమె నాతో మాట్లాడలేదు, నా ముందు నిలబడి మరదలితో మాట్లాడింది.

"కాకి ముట్టిందని సెప్పుకుంటన్నావా? హార్బరు కాకి సేప పేగులు తింతాది. దానికేటి తెలుసు ఎంగిలో కాదో. నీకు తెలవాల."

"నాను అడిగినాను వదినా."

"అడిగినాదంట," అంది నూకాలు, ఈసారి నా వైపు తిరిగి. "ఊరోళ్ళు ఇచ్చింది నా తమ్ముడికి పెట్టీసి, ఇప్పుడు అడిగినానంటంది. అడిగితే ఎవులైనా ఎంగిలిని ఎంగిలి కాదంటారేటి? పోయినోడికి పెడతానని సెప్పినా కాదంటారేటి? మనుషులు కారేటి ఆళ్ళు?"

తట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. మిగతాది పైడమ్మే చెప్పింది.

నూకాలు ఆ సాయంత్రమే అప్పన్న ఫొటో గోడ మీంచి తీసి తన ఇంటికి పట్టుకుపోయింది. ఎంగిలి పెట్టిన ఇంట్లో తమ్ముడి ఫొటో ఉండనివ్వనంది. పైడమ్మ దగ్గర ఉన్న ఫొటో అదొక్కటే. పెళ్ళయిన కొత్తలో సింహాచలం వెళ్ళినప్పుడు తీయించుకున్నదాన్ని, చనిపోయాక అతని వరకే పెద్దది చేయించింది.

పైడమ్మ నన్ను అడిగింది ఒక్కటే. నువ్వు అక్కడ తిన్నావు గదా, ఆ గారెలు ఎంగిలా, కాదా? ఏదో ఒకటి పొరపాటున పడిందా, అన్నీ అంతేనా? ఒకటే అయితే ఆకులో పెట్టినవి మంచివే అయ్యుంటాయి.

నేను చూసింది సిల్కు లాల్చీని, ఆ గిన్నెను. వ్యానెక్కింది ఆ గిన్నెయేనా, వంటశాలలో మిగిలిన గిన్నెయా, నేను చూడలేదు. చూడనిది చెప్పే అలవాటు నాకు లేదు. కనుక్కుని వస్తానన్నాను. అందరూ అలాగే అంటారు అన్నట్టు చూసి, ఆమె మళ్ళీ రొయ్యల దగ్గర కూర్చుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎన్నో ఆఫీసుల్లో బల్లకు ఇవతల నిలబడి నేను చూసిన చూపు అది.

ఆటోనగర్

చేపలు లేకుండా ఇంటికెళ్ళాం. చెల్లెలు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

సదస్సుకు వంట చేసిన క్యాటరింగువాళ్ళ షెడ్డు ఆటోనగర్లో ఉందని రాంబాబు వాకబు చేశాడు. ఒక పక్క లారీల బాడీలు కట్టే షెడ్డు, ఇంకో పక్క లేతు మిషన్ల హోరు, మధ్యలో ఈ వంటశాల. పక్క షెడ్డులో వెల్డింగు రవ్వలు లేస్తున్నాయి, ఇక్కడ కొత్తిమీర తరుగుతున్నారు. బయట కొట్లో టీ పది రూపాయలు, అందులో పాల కంటే పొగ రుచి ఎక్కువ.

వడ్డన చూసే సూపర్వైజరు పేరు గణపతి. మొదట నన్ను ఫుడ్ ఇన్స్పెక్టరనుకుని కుర్చీ వేశాడు. కాదని తెలిశాక కుర్చీ వెనక్కి తీసుకోలేదు గానీ, తీసుకుందామా అన్నట్టు దాని వెనకే నిలబడ్డాడు. గారెల సంగతి అడిగితే, మాకేటి తెలుసు సార్, వాళ్ళు చెప్పినట్టు చేశాం అన్నాడు. నేను కదల్లేదు. నన్ను పంపాలంటే చెప్పడమే సులువని ఎవరికైనా కాసేపటికి అర్థమవుతుంది. అతనికీ అయింది.

మనుషుల్ని లెక్కేసుకుని వండటం వల్ల వంటశాలలో మిగిలింది తక్కువట. గారెలు గిన్నె అడుగున పడి ఉన్నాయి. వ్యాను దగ్గర వీడియో తీసేవాళ్ళు, ఇలా ఉంటే బాగోదు, గిన్నె నిండుగా కనిపించాలి అన్నారట. అప్పుడు తూకం దగ్గరున్న గిన్నె తెచ్చి ఇందులో బోర్లించమన్నారు.

"కలిపేశారా?"

"కలిపీసినాం సార్. పైన మంచివి పేర్చమన్నారు, పేర్చినాం."

"మీవాళ్ళు తిన్నారా వాటిని?"

గణపతి నవ్వాడు. నవ్వు పూర్తి కాకుండానే ఆపేశాడు.

"మా వోళ్ళకి ఏరేగా వండుకున్నాం సార్. అవి ఎవులు తింతారు."

బయటికొచ్చాక రాంబాబు స్కూటరు స్టార్టు చెయ్యకుండా నా వైపు తిరిగాడు. ఆవిడకు ఎంగిలి కాదని చెప్పెయ్ బావా అన్నాడు. ఒకటే పొరపాటున పడిందని చెప్పు. ఆవిడ ఫొటో ఆవిడకొస్తుంది, చచ్చిపోయినవాడికి తెలిసేది లేదు, నీ సొమ్మేం పోయింది.

అతను మంచివాడు కాబట్టి అన్నాడు. నాకు జవాబిచ్చినవాళ్ళంతా అలాంటి మంచి మాటలే చెప్పారు. చూస్తాం అన్నారు, అయిపోయింది అన్నారు, అలాంటిదేం లేదు అన్నారు. ఆ పని నేను చేయలేనన్నాను.

భీమిలి

మూడో రోజు సదస్సువాళ్ళు ప్రతినిధుల్ని భీమునిపట్నం తీసుకువెళ్ళారు, సముద్రపు ఒడ్డు శుభ్రం చేయడానికి. నేనూ బస్సెక్కాను. దారి పొడవునా ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎర్రటి దిబ్బలు. ఇంకెప్పుడైనా అయితే కిటికీలోంచి తల తీసేవాణ్ణి కాదు. భీమిలి పాత ఊరు. బస్టాండు దగ్గర వేరుసెనగ కాయలు ఉడకబెట్టి కాగితం పొట్లాల్లో అమ్ముతున్నారు. మేము దిగేసరికి, మా కోసం తెచ్చిన రబ్బరు తొడుగులు ఒక్కొక్క జతా ఒక్కొక్క ప్లాస్టిక్కు కవరులో ఉన్నాయి. ఆ కవర్లు ఇసకలో ఎగిరాయి. మేమే ఏరాం. ఫొటోలు తీశారు.

కన్వీనరును పడవల నీడలో పట్టుకున్నాను. ఈసారి భుజం మీద చెయ్యి వేసే దూరంలో నిలబడలేదు. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. విని, ఎంగిలి అనేది మన మనసులో అడ్డంకి సార్ అన్నాడు. ఒకరు ముట్టింది ఒకరు తినకూడదనే పట్టింపు వల్లే ఈ దేశంలో ఇంత తిండి నేలపాలవుతోంది, ఈ పట్టింపుతోనే ఒకప్పుడు మనుషుల్ని కూడా దూరం పెట్టాం, ముందు పోవాల్సింది అదే అన్నాడు.

ఆ మాటలో నిజం లేదని నేను అనలేదు. ఇప్పుడూ అనను.

"అయితే ఎంగిలేనని చెప్పి ఇవ్వాల్సింది," అన్నాను. "తీసుకునేవాళ్ళు తీసుకునేవారు, వద్దనుకునేవాళ్ళు మానేసేవారు. ఆవిడ పోయిన మొగుడికి పెట్టుకోవాలని చెప్పి మరీ అడిగితే కాదన్నారే, అది ఏ అడ్డంకి?"

ఆయన ఫోన్ తీసి చూసుకున్నాడు. వివరాలు మెయిల్ చేయండి, తప్పకుండా చూస్తాం అన్నాడు. ఇంకెవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

పచ్చ టీషర్టు అమ్మాయి కొంచెం దూరంలో సంచులు కడుతోంది. మా మాటలు విన్నట్టుంది, తల ఎత్తలేదు. దగ్గరికి వెళ్ళి నెమ్మదిగానే అడిగాను, హార్బరులో ఒకావిడ ఎంగిలి కాదు గదా అని నిన్ను అడిగిందా అని.

"అడిగారు అంకుల్," అంది. చెత్త సంచీ మూతి బిగిస్తూ అంది. "పోయినవాళ్ళకి పెట్టుకోవాలన్నారు. ఎవరైనా అడిగితే అన్నీ ముట్టనివే అని చెప్పమన్నారు మాకు."

"గిన్నెలు కలపడం నువ్వు చూశావా?"

తల ఊపింది. నాతో హార్బరుకు వచ్చి ఆ ఒక్క మాట ఆవిడ ఆడపడుచు ముందు చెప్పమన్నాను. రాంబాబు స్కూటరు మీద తీసుకువెళ్ళి తీసుకొస్తాడన్నాను. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకు వీళ్ళు సర్టిఫికెట్టు ఇవ్వాలని, అది లేకపోతే కాలేజీలో కష్టమని చెప్పింది. నన్ను ఇందులో పెట్టకండి అంకుల్ అంది. అంతలో ఫొటోకు పిలిచారు. పరిగెత్తుకుంటూ వెళ్ళి చివర నిలబడింది. ఆ ఫొటో తర్వాత వాళ్ళ ప్రకటనల్లో వచ్చింది. అందరూ నవ్వుతున్నారు, ఆ అమ్మాయి కింద ఇసక చూస్తోంది.

మళ్ళీ హార్బర్

తిరుగు రైలు మధ్యాహ్నం. పొద్దున్నే హార్బరుకు వెళ్ళాను. ఈసారి సంచీ తీసుకెళ్ళలేదు. పైడమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. వస్తానని అనుకోలేదంది. నూకాలును కూడా పిలవమన్నాను. ఇద్దరూ ఐసు పెట్టెల పక్కన నిలబడ్డారు. చుట్టూ పనిచేసేవాళ్ళు చేతులు ఆపకుండానే చెవులు ఇటు వేశారు.

ఎంగిలేనమ్మా అన్నాను. రెండు గిన్నెలు కలిపేశారు. ఆకులో పెట్టినవి ఏ గిన్నెవో చెప్పడం ఇప్పుడు ఎవరివల్లా కాదు. కానీ నువ్వు అడిగావు, వాళ్ళు కాదన్నారు. నీ తప్పు లేదు. ఆ అమ్మాయి నాతో ఒప్పుకుంది.

పైడమ్మ ఏడవలేదు. తడిచేతులు చీరకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. తుడవడం ఆపడం మర్చిపోయినట్టు తుడుస్తూనే ఉంది.

"పోయినోడికి పెడతానని సెప్పినాను గదా బాబూ," అంది చివరికి. "ఆ మాట సెప్పినాక కూడానా."

నూకాలు ముఖంలో మొదటిసారి కోపం కాకుండా ఇంకేదో కనిపించింది. మరదలి వైపు చూసింది. చూసి, నా వైపు తిరిగింది.

"నువ్వు మంచోడివే బాబూ. మంచోడివి గాబట్టి దీన్ని సూసి జాలిపడి సెప్తన్నావేమో, నాకేటి తెలుసు. నువ్వు అక్కడ భోజనానికెల్లినోడివి. అడిగినాదని, ఆళ్ళు అబద్ధం ఆడినారని, ఆ ఆడినోళ్ళు వొచ్చి సెప్పాల. ఆళ్ళ నోటంట ఇంతాను. ఆ రోజు నా తమ్ముడి ఫొటో నానే తెచ్చి దీని గోడకి తగిలిత్తాను. అప్పటిదాకా నా ఇంట్లోనే ఉంటాది."

"అందాకా నాను ఆకెయ్యను బాబూ," అంది పైడమ్మ. "ఏ ముకం పెట్టుకుని ఎయ్యను. ఆళ్ళని ఒక్కసారి రమ్మను."

రమ్మంటానని మాటిచ్చాను. ఆమెకు నేనిచ్చిన మాట అదొక్కటే.

ఇంటికొచ్చి కన్వీనరు చెప్పినట్టే మెయిల్ చేశాను. మళ్ళీ చేశాను. ఫోన్ చేశాను, ఎత్తలేదు, ఆ తర్వాత నా నంబరు కలవడం మానేసింది. ఈలోగా వచ్చే సదస్సుకు రమ్మని అదే సంస్థ నుంచి ఆహ్వానం వచ్చింది. మళ్ళీ సుబ్బారావుకే వచ్చింది. రాంబాబు అప్పుడప్పుడూ హార్బరుకు చేపలకు వెళ్తున్నాడు. పైడమ్మ అడుగుతోందట, ఆ బాబు ఆళ్ళకి సెప్పినాడా అని. ఇంకో నెల మాసికం వచ్చి వెళ్ళిపోయింది. ఆమె ఆకు వేయలేదు. గోడ మీద మేకు ఉంది, ఫొటో లేదు.

కన్వీనరు గారూ, నా పేరు తప్పు రాశారు, దాన్ని వదిలేస్తున్నాను. వెనక వరసలో కూర్చోబెట్టారు, అదీ వదిలేస్తున్నాను. ఇవి వదిలేయడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. ఎంగిలి మీద మీ అభిప్రాయం మార్చుకోమని కూడా అడగను. మీరు గాని, మీరు పంపితే ఆ అమ్మాయి గాని, ఫిషింగ్ హార్బరులో ఐసు పెట్టెల దగ్గరికి వెళ్ళి, నూకాలు అనే ఆవిడ ముందు నిలబడి, "ఆమె అడిగింది, మేము అబద్ధం చెప్పాం" అనండి. మీరు బీచ్ రోడ్డు నుంచి బయలుదేరితే టీ చల్లారేలోపు చేరుకుంటారు.

ఎప్పుడు వెళ్తున్నారు? నాకు జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆమెకు ఇవ్వండి.